పేర్లు రాయని క్యాసెట్

ఆ క్యాసెట్ మీద ఒక్క అక్షరం కూడా రాసి లేదు. తొంభై నిమిషాల క్యాసెట్, మూల విరిగిన ప్లాస్టిక్ డబ్బా, పాటల పేర్లు రాసుకోవడానికి లోపల పెట్టిన గీతల కాగితం ఖాళీ. 1996 సెలవుల్లో పెద్దనాన్నగారి అబ్బాయి తెచ్చాడు. "ఎవరి పాటలు అన్నయ్యా ఇవి?" అని అడిగితే, "ఏమోరా, మా ఫ్రెండ్ రికార్డు చేసిచ్చాడు, డాన్స్ పాటలు" అన్నాడు. వెళ్లేటప్పుడు దాన్ని మాకే వదిలేశాడు. అప్పుడు నాకు పన్నెండేళ్లు, చెల్లికి తొమ్మిది.

పేర్లు తెలియకపోతే పాటల గురించి మాట్లాడుకోవడం కష్టం. అందుకని మేమే పెట్టుకున్నాం. ఒకే మొరటు ట్యూన్ దబదబా బాదుతూ వచ్చేది సుత్తి పాట. ఒకాయన గొంతు నిండా బాధతో ఒకే ప్రశ్న పదే పదే అడిగేది బతిమాలే పాట. ఒకావిడ ఊపిరంతా కూడదీసుకుని ఒక్కసారిగా కేక వేసేది అరుపు పాట. మిగతా మాటలు అర్థం కాకపోయినా రాత్రి గురించి పాడుతోందని తెలిసింది కాబట్టి ఇంకొకటి రాత్రి పాట. మాటలే లేకుండా పియానో మీద నడిచేది కిటికీ పాట. అది వచ్చినప్పుడల్లా చెల్లి వెళ్లి కిటికీ దగ్గర కూర్చునేది, ఆ పేరుకు అంతకు మించి కారణం లేదు. రెండో వైపు చిట్టచివర టేపు అయిపోయి మధ్యలో తెగిపోయేది సగం పాట.

దాదాపు ప్రతి పాటలోనూ ఒక చోటు ఉండేది. అంతవరకు ఆగకుండా కొట్టుకుంటున్న డ్రమ్ము ఉన్నట్టుండి మాయమవుతుంది. గొంతు ఒక్కటే మిగులుతుంది, లేదా సింథ్ అనే ఎలక్ట్రానిక్ కీబోర్డు మీద తీగ వాయిద్యం లాంటి ఒక చప్పుడు. ఆ చోటు రాగానే మేమిద్దరం నేల మీద చతికిలబడేవాళ్లం. తర్వాత స్నేర్ డ్రమ్ము మొదలవుతుంది. మొదట నింపాదిగా, తర్వాత రెండింతలు, ఆపైన నాలుగింతలు. చప్పుడు గొంతు దాకా వచ్చినట్టుండేది. ఆ చివరి క్షణంలో చెల్లి నా చెయ్యి గట్టిగా పట్టుకునేది. బీట్ తిరిగి పడగానే ఇద్దరం ఒకేసారి గెంతేవాళ్లం. వందసార్లు విని ఉంటాం. ఎప్పుడు పడుతుందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలం. అయినా ప్రతిసారీ ఒళ్లు ఝల్లుమనేది. దాన్ని బ్రేక్‌డౌన్ అంటారని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. రాబోయేది ముందే తెలిసి కూడా దాని కోసం అంతగా ఎదురుచూడటం నాకు మొదట నేర్పింది ఆ క్యాసెట్టే.

ఇంకో సంగతి కూడా ఉంది. అప్పుడు మాటల్లో పెట్టలేకపోయాను. వీటిని అందరూ సరదా పాటలు అనేవారు. కానీ వాటిలో ఎక్కువ భాగం మైనర్ స్కేల్‌లో కట్టినవి. కింద డ్రమ్ము పండగలా ఉంటుంది, పైన ట్యూన్ ఎవరినో పోగొట్టుకున్నట్టు ఉంటుంది. గెంతి గెంతి అలసిపోయి కూర్చున్నాక ఎందుకో దిగులుగా అనిపించేది. చెల్లి ఒకసారి, "ఈ పాటలన్నీ ఏడుపు పాటలే అన్నయ్యా, పైకి చెప్పట్లేదంతే" అంది. తొమ్మిదేళ్ల పిల్ల అన్న ఆ మాట కన్నా బాగా ఈ సంగీతం గురించి రాసినది నేను ఇంతవరకు ఎక్కడా చదవలేదు.

2000 నాటికి ఇంట్లోకి కంప్యూటర్ వచ్చింది. పాటలు వినే వినాంప్ ప్రోగ్రాం తెరిచి, ఎవరో రాసిచ్చిన ఎంపీత్రీ సీడీ పెడితే నూట యాభై పాటలు వరసగా కనపడేవి. ఈసారి కొన్నిటికి పేర్లున్నాయి, కొన్నిటికి ట్రాక్ 01, ట్రాక్ 02 అని మాత్రమే. ఇటలీలోని టురిన్‌కు చెందిన ఐఫెల్ 65 పాడిన బ్లూ వాటిలో ఒకటి. 1998లో విడుదలై, 1999 కల్లా దేశదేశాల్లో మొదటి స్థానానికి ఎక్కిన పాట. దానికి చెల్లి పెట్టిన పేరు నీలం పాట. గిటార్ తీగను వేలితో జార్చినట్టు వినిపించే జర్మన్ పాట తీగ పాట. దాని పేరు 9 పీఎం, చేసింది ఏటీబీ, 1999లో బ్రిటన్‌లో నంబర్ వన్ అయింది. ఫిన్లాండ్ కుర్రాడు దరూద్ చేసిన శాండ్‌స్టార్మ్‌లో మాటలు లేవు, ఎవరో వెంటపడి తరుముతున్నట్టుంటుంది. కాబట్టి అది తరుముడు పాట. అసలు పేర్లు తెరమీద కనిపిస్తున్నా మా పేర్లే వాడేవాళ్లం.

2002లో హాస్టల్‌కి వెళ్లాను.

నా రూమ్మేట్ ఎలక్ట్రానిక్ సంగీతమంటే చెవి కోసుకునే మనిషి. ఈ సంగీతం పుట్టుపూర్వోత్తరాలన్నీ నాకు చెప్పింది వాడే. షికాగోలో వేర్‌హౌస్ అనే క్లబ్ ఉండేదని, అక్కడ ఫ్రాంకీ నకల్స్ వాయించే సంగీతానికే ఆ క్లబ్ పేరులోంచి హౌస్ అనే పేరు వచ్చిందని చెప్పాడు. డెట్రాయిట్ పక్కన బెల్‌విల్ అనే చిన్న ఊళ్లో కలిసి చదువుకున్న ముగ్గురు, వాన్ ఆట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్, టెక్నో అనే ఇంకో రకం ఎలక్ట్రానిక్ సంగీతానికి ఎలా ప్రాణం పోశారో చెప్పాడు. రోలాండ్ టీబీ 303 కథ చెప్పినప్పుడైతే నాకు రాత్రి నిద్ర పట్టలేదు. గిటార్ వాయించేవాళ్లకు తోడుగా బేస్ వాయించడానికని 1980ల మొదట్లో చేసిన చిన్న యంత్రం అది. పెద్దగా ఎవరూ కొనకపోతే తయారీ ఆపేశారు. పాత సామానులో పడి ఉన్న ఆ పెట్టెను షికాగో కుర్రాళ్లు తెచ్చుకుని, దాని మీది గుబ్బలు ఇష్టమొచ్చినట్టు తిప్పితే, తయారుచేసినవాళ్లు ఊహించని ఒక శబ్దం వచ్చింది. 1987లో యాసిడ్ హౌస్ అనే కొత్త రకం హౌస్ పుట్టింది దాంతోనే. ఇదంతా చెప్పినందుకు వాడికి ఎప్పటికీ రుణపడి ఉంటాను.

కానీ వాడే ఒకరోజు నా సీడీ చూసి, "ఒరేయ్, ఇంకా ఈ చీజీ పాటలేంట్రా? ఇది సంగీతం కాదు, సరుకు" అన్నాడు.

చీజీ అన్న మాట నేను వినడం అదే మొదటిసారి. చవకబారు అనుకోవచ్చు, కానీ అందులో ఇంకొంచెం వెక్కిరింత ఉంది. మరీ తియ్యగా ఉండటం, అందరికీ నచ్చాలని పాకులాడటం, మనసులో ఉన్నది దాచుకోకుండా పైకి చెప్పేయడం, ఇవన్నీ కలిపి తప్పుగా లెక్కకట్టే మాట అది. నేను ఒక్క మాటకూడా ఎదురు చెప్పలేదు. ఆ రాత్రే ఆ పాటల ఫోల్డర్ పేరు ల్యాబ్ రికార్డులు అని మార్చేశాను. వాడు నిద్రపోయాక హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినేవాణ్ణి. అలా దొంగచాటుగా వింటూనే, ఇంటర్నెట్‌లో వెతుకుతూ, మా క్యాసెట్‌లోని పాటల అసలు పేర్లు ఒక్కొక్కటే కనిపెట్టాను.

ఒక ఆదివారం చెల్లి ఫోన్ చేసి, "సుత్తి పాట అసలు పేరు దొరికిందా అన్నయ్యా?" అని అడిగింది. దొరికింది. రెండు నెలల కిందటే దొరికింది. నో లిమిట్, 1993, టూ అన్‌లిమిటెడ్ అనే బృందం, ట్యూన్ కట్టింది బెల్జియం వాళ్లు, పాడింది హాలండ్ వాళ్లు. కానీ పక్క మంచం మీద రూమ్మేట్ ఉన్నాడు. "ఇప్పుడు అలాంటివి వినడం లేదమ్మా" అన్నాను. చెల్లి కాసేపు ఏమీ మాట్లాడలేదు. "సరేలే" అని వేరే విషయం ఎత్తుకుంది. ఆ తర్వాత చాలా ఏళ్లు ఆ పాటల ఊసే ఎత్తలేదు. అప్పుడు నేనన్న ఆ మాట ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది.

నా ఆలోచన మారింది మళ్లీ ఆ రూమ్మేట్ డిస్కుల వల్లే. వాడు దేవుడి పటంలా చూసుకునే ఆల్బమ్ ఒకటుండేది. 1988లో బ్రిటన్‌లో విడుదలైన డెట్రాయిట్ సంకలనం. టెక్నో అన్న పేరు ప్రపంచానికి తెలిసింది దాని ద్వారానే. వాడు ఊళ్లో లేని ఒక రోజు దాన్ని మొదటినుంచి చివరిదాకా విన్నాను. మధ్యలో ఒక పాట వచ్చింది. తేలిగ్గా నోటికి పట్టే ట్యూన్, హుషారైన గొంతు, ఒకసారి వింటే రెండోసారి కలిసి పాడొచ్చు. బిగ్ ఫన్. బృందం పేరు ఇన్నర్ సిటీ. దాని వెనకున్నది కెవిన్ సాండర్సన్, ఆ బెల్‌విల్ ముగ్గురిలో ఒకడు. పాడింది పారిస్ గ్రే. ఆ ఆల్బమ్‌లోంచి బ్రిటన్ టాప్ 10లోకి వెళ్లింది ఆ పాటే. అంటే టెక్నోను జనం గుమ్మం దాకా తీసుకెళ్లింది, నా రూమ్మేట్ లెక్కలో చెప్పాలంటే, ఒక చీజీ పాట.

వాడు రాగానే అడిగాను. "ఇది మాత్రం చీజీ కాదా?"

"అది వేరురా" అన్నాడు.

"ఎలా వేరు?"

వాడు నిజాయితీ గల మనిషి. చాలాసేపు ఆలోచించాడు. "ఏమో, ముందొచ్చింది కదా" అన్నాడు.

అప్పటినుంచి ఆ కోణంలో వెతకడం మొదలుపెట్టాను. వెతికేకొద్దీ అదే కథ. హౌస్‌కు తల్లి డిస్కో. డిస్కోను అప్పట్లో ఎంతగా అసహ్యించుకున్నారంటే, 1979 జూలై 12న షికాగోలోని కొమిస్కీ పార్క్‌లో రెండు బేస్‌బాల్ ఆటల మధ్య డిస్కో రికార్డులన్నీ కుప్పపోసి పేల్చేశారు. జనం మైదానంలోకి దూసుకొచ్చేసరికి రెండో ఆట జరగనే లేదు. డిస్కో మీద వచ్చిన ఆరోపణల్లో ఎక్కువ భాగం మనకు తెలిసినవే. యంత్రంలా ఉంది, అన్నీ ఒకలాగే ఉన్నాయి, డబ్బు కోసం చేశారు. నల్లజాతి, లాటినో, గే జనం సంగీతం కావడం కూడా ఆ కోపానికి ఒక కారణమని చాలామంది రాశారు, నేనూ అదే నమ్ముతాను. అలా చెత్తబుట్టలో పడేసిన ఆ రికార్డులనే అదే షికాగోలో కొద్దిమంది డీజేలు వదలకుండా పట్టుకుని, వాటికి డ్రమ్ మెషీన్ జోడించి, నా రూమ్మేట్ ఆరాధించే సంగీతాన్ని తయారుచేశారు. అంతకుముందే, 1977లో, జార్జియో మొరోడర్ డోనా సమ్మర్ చేత పాడించిన ఐ ఫీల్ లవ్ బ్రిటన్‌లో నంబర్ వన్ అయింది. దాదాపు మొత్తం సింథసైజర్ మీద నడిచే పాట అది. ఎలక్ట్రానిక్ డాన్స్ సంగీతానికి మూలపురుషుడు అనదగ్గ పాట ఒక పాప్ హిట్.

నేను కూడా పాటలు చేద్దామని ఫ్రూటీలూప్స్ అనే కంప్యూటర్ ప్రోగ్రాం పట్టుకున్నది ఆ రోజుల్లోనే. మొదట గంభీరమైనవే చేశాను. ఒక డ్రమ్ము, కింద గురగురలాడే బేస్, పైన ఎక్కడో దూరంగా లోహం రాసుకున్నట్టు ఒక చప్పుడు. రెండు గంటల్లో అయిపోయేది. విన్నవాళ్లు బాగుందనేవారు. తర్వాత ఒక రాత్రి, నీలం పాట లాంటిది ఒకటి చేసి చూద్దాం అనుకున్నాను. మూడు నెలలు పట్టింది, అయినా కుదరలేదు.

ఎందుకు కుదరలేదో అప్పుడు అర్థమైంది. గంభీరమైన ట్రాక్‌లో దాక్కోవడానికి చోటుంటుంది. కాస్త ఎకో పెంచితే, కాస్త చీకటి చేస్తే, ఏమీ జరగకపోయినా ఏదో జరుగుతున్నట్టుంటుంది. నాలుగు స్వరాల ట్యూన్‌కు ఆ వెసులుబాటు లేదు. ఒక్క స్వరం అటూ ఇటూ అయినా మామూలుదైపోతుంది. ఇదివరకే ఎక్కడో విన్నట్టుండాలి, కానీ విని ఉండకూడదు. కిక్ డ్రమ్ము ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ మధ్య ఖాళీలో బేస్ పడాలి, ఎక్కువైతే బరువెక్కుతుంది, తక్కువైతే కాలు కదలదు. ఆ రోజుల్లో ట్రాన్స్ అనే రకం డాన్స్ పాటల్లో వినిపించే ఆ విశాలమైన చప్పుడును సూపర్‌సా అంటారు. రోలాండ్ జేపీ 8000 అనే సింథ్‌తో 1990ల మధ్యలో వచ్చింది. ఒకే స్వరాన్ని ఏడు తరంగాలు ఒకేసారి పలుకుతాయి, ఒక్కొక్కటీ మిగతావాటికన్నా వెంట్రుకవాసి తేడాతో. ఏడుగురు పక్కపక్కన నిలబడి ఒకే స్వరం అందుకుంటే ఎవరి గొంతూ సరిగ్గా ఇంకొకరితో కలవదు కదా, ఆ కలవకపోవడం వల్లే అది సమూహంలా వినిపిస్తుంది. దాన్ని ఎంత తేడాతో ఉంచాలో నాకు చివరిదాకా చిక్కలేదు. రెడీమేడ్ శబ్దాలతో కట్టేశారు, అదేం గొప్ప అంటారు. రాబిన్ ఎస్ పాడిన షో మీ లవ్‌కు స్టోన్‌బ్రిడ్జ్ చేసిన రీమిక్స్‌లోని ఆర్గన్, కోర్గ్ ఎం1 కీబోర్డు కొన్న ప్రతివాడికీ దొరికిన రెడీమేడ్ శబ్దమే. ఆ కీబోర్డు వేలమంది దగ్గర ఉంది. ఆ పాట ఒక్కటే ఉంది.

ఇందులో చెత్త లేదని కాదు. చాలా ఉంది. ఒకటి హిట్టయితే వారం తిరగకుండా అలాంటివే ఇరవై దింపడం, ఆడగొంతుతో నాలుగు లైన్లు, మగగొంతుతో ఎనిమిది లైన్ల ర్యాప్, చివర్లో స్వరం ఒక మెట్టు పెంచడం, అంతే ఫార్ములా. ఆ సంకలనాల సీడీల్లో సగం పాటలు నేను రెండోసారి వినలేదు. వాటిని వెనకేసుకు రావాలని నాకు లేదు.

అంతకన్నా పెద్ద తప్పు ఒకటి జరిగింది. అది పాటల నాణ్యతకు సంబంధించింది కాదు. మా క్యాసెట్ మీద పేర్లు లేనట్టే, ఆ పాటలు పాడినవాళ్ల పేర్లు కూడా చాలాచోట్ల లేవు. అరుపు పాట అసలు పేరు రైడ్ ఆన్ టైమ్. ఇటలీ బృందం బ్లాక్ బాక్స్‌ది. 1989లో బ్రిటన్‌లో ఏడాది మొత్తం మీద అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడైన సింగిల్ అది. వీడియోలో పెదాలు కదిపింది కత్రిన్ కినోల్ అనే మోడల్. గొంతు మాత్రం షికాగో గాయని లొలెట్టా హాలోవేది, ఆవిడ 1980లో పాడిన లవ్ సెన్సేషన్ నుంచి ముక్కలు కోసి పెట్టుకున్నారు. ఆవిడ పోట్లాడాకే పరిహారం దక్కింది. తర్వాత అదే బృందం ఆల్బమ్‌లో ఎక్కువ పాటలు పాడింది మార్తా వాష్. ఆవిడ పేరూ వేయలేదు. సీ అండ్ సీ మ్యూజిక్ ఫ్యాక్టరీ అనే బృందం హిట్‌లో కూడా గొంతు ఆవిడదే, తెరమీద వేరే అమ్మాయి. మార్తా వాష్ కోర్టుకు వెళ్లింది. పాడినవాళ్ల పేరు తప్పక వేయడం ఆవిడ పోరాటం తర్వాతే గట్టిపడింది. కొరోనా బృందం రాత్రి పాటదీ అదే కథ. వీడియోలో ఒల్గా సౌజా, గొంతు జెన్నీ బీ అనే ఇటలీ గాయనిది. జెన్నీ బీ 2000లో సాన్‌రెమో పోటీల కొత్త గాయకుల విభాగంలో తన సొంత పేరుతో గెలిచిందని చదివినప్పుడు, ఎవరో మా ఇంటి మనిషి గెలిచినంత సంతోషం కలిగింది.

చీజీ అని తీసిపారేసేవాళ్లు ఈ తప్పు గురించి ఎప్పుడూ మాట్లాడరు. ఆ పాటల్లో ఏముందిలే అనుకుంటే, ఆ పాటలు పాడినవాళ్లదీ ఏముందిలే అయిపోతుంది. నా కోపమంతా ఇక్కడే.

ఉద్యోగంలో చేరాక చెల్లి దగ్గర కొన్నాళ్లు ఉన్నాను. యూట్యూబ్ వచ్చిన కొత్త రోజులవి. ఒక సాయంత్రం ధైర్యం చేసి అరుపు పాట వీడియో పెట్టాను. ఏమీ చెప్పలేదు. చెల్లి పది సెకన్లు చూసింది. "ఈ గొంతు ఈ అమ్మాయిది కాదు" అంది.

"ఎలా తెలుసు?"

"ఆ అరుపు అరిచే మనిషి మెడ అలా ఉండదు అన్నయ్యా. ఊపిరి తీసుకోవట్లేదు చూడు."

ఆ రాత్రి అన్నీ చెప్పేశాను. ల్యాబ్ రికార్డులు అన్న ఫోల్డర్ గురించి, ఆ ఆదివారం ఫోన్‌లో అబద్ధం చెప్పిన సంగతి గురించి. "నాకు తెలుసులే, నీ గొంతు మారింది అప్పుడు" అంది. తర్వాత ఒక్కొక్క పాటకూ అసలు పేరు చెబుతూ పోయాను. బతిమాలే పాట వాట్ ఈజ్ లవ్, 1993, హాడవే. కిటికీ పాట చిల్డ్రన్, 1995, రాబర్ట్ మైల్స్.

కిటికీ పాట దగ్గర చాలాసేపు ఆగాం. రాబర్ట్ మైల్స్ దాన్ని ఎందుకు చేశాడో అప్పటికే చదివి ఉన్నాను. ఇటలీలో శనివారం రాత్రుళ్లు క్లబ్బుల్లో తెల్లవారేదాకా అతి వేగమైన సంగీతానికి గెంతి, అదే ఊపులో కార్లు నడిపి, చెట్లకూ గోడలకూ గుద్దుకుని కుర్రాళ్లు చనిపోయేవారు. రాత్రి చివర్లో వాయించడానికి, వాళ్ల గుండె కాస్త నెమ్మదించడానికి, అతను ఆ పియానో ట్యూన్ కట్టాడు. యూగోస్లావియా యుద్ధంలో చిక్కుకున్న పిల్లల ఫోటోలు మైల్స్ నాన్న తీసుకురావడం కూడా దానికి ఒక కారణం. పాట పేరు అందుకే అలా ఉంది. గంభీరమైన విమర్శకులకు అది అతి తియ్యని పియానో. కానీ ఆ తియ్యదనానికి ఒక పని ఉంది, పిల్లల్ని ఇంటికి చేర్చే పని. "అందుకేనేమో నేను వెళ్లి కూర్చునేదాన్ని" అంది చెల్లి. అతను 2017లో చనిపోయినప్పుడు మొదట మెసేజ్ పెట్టింది తనే. అందులో కిటికీ పాట ఆయన అని మాత్రమే రాసింది.

మధ్యలో నాలుగైదేళ్లు స్నేహితుల పార్టీల్లో డీజేగా వాయించాను. దాని గురించి పెద్దగా చెప్పడానికి లేదు. గమనించింది ఒకటి మాత్రం చెప్పాలి. తెలియని ట్రాక్ వాయిస్తున్నంతసేపు జనం ఎవరికి వాళ్లు, కళ్లు మూసుకుని ఆడతారు. అది కూడా అందమే, నాకు చాలా ఇష్టం. అందరికీ తెలిసిన ఆ పాత ట్యూన్ మొదటి స్వరాలు వినపడగానే మాత్రం కళ్లు తెరిచి పక్కవాళ్ల వైపు చూస్తారు. ఎప్పుడూ మాట్లాడుకోనివాళ్లు కూడా. రెండూ కావాలి ఒక రాత్రికి. నేను గంట సేపు డెట్రాయిట్ వాయించి, దాని చివర్లో తీగ పాట కలిపేవాణ్ణి. ఒకసారి మా రూమ్మేట్ వచ్చాడు. బ్రేక్‌డౌన్ రాగానే వాడు చెయ్యి పైకెత్తడం చూశాను. దాని గురించి మేమిద్దరం మాట్లాడుకోలేదు. వెళ్లేటప్పుడు నా భుజం మీద చెయ్యి వేసి కాసేపు అలాగే ఉంచాడు.

2022లో మేనకోడలు ఫోన్‌లో ఒక పాట పెట్టింది. డేవిడ్ గెట్టా, బీబీ రెక్సా కలిసి చేసిన కొత్త పాట. రెండు స్వరాలు వినగానే నేను, చెల్లి ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. నీలం పాట ట్యూనే, మాటలు మార్చారు. "ఇది మీ కాలంలోదా మామయ్యా? అబద్ధం! ఇది టిక్‌టాక్ పాట" అంది. పాత దాన్ని పెట్టి వినిపించాం. శ్రద్ధగా చివరిదాకా విని, "ఇందులో ఎందుకో దిగులుగా ఉంది" అంది. చెల్లి ఏమీ అనకుండా దాని తల నిమిరింది.

మేనకోడలు అడిగిందని మా పేర్లన్నీ ఒక కాగితం మీద రాశాం, ఎదురుగా అసలు పేర్లు. అన్నీ నిండాయి, ఒక్క సగం పాట తప్ప. ఇన్నేళ్లు వెతికినా అది దొరకలేదు. క్యాసెట్ ఎప్పుడో తెగిపోయింది. మాటలు గుర్తులేవు, గొంతు ఆడదో మగదో కూడా ఇద్దరికీ ఒకేలా గుర్తులేదు. ట్యూన్ మాత్రం ఉంది. "హమ్ చేయండి, ఫోన్ కనిపెడుతుంది" అని మేనకోడలు ఫోన్ మా ముందు పెట్టింది. చెల్లి అందుకుంది, నేను కలిపాను. డ్రమ్ము ఆగిపోయి, స్నేర్ నెమ్మదిగా మొదలై, రెండింతలై, నాలుగింతలై, ఇంకాస్సేపట్లో బీట్ పడబోతుందనగా టేపు తెగిపోయేది. మేమూ సరిగ్గా అక్కడే ఆగిపోయాం. చెల్లి చెయ్యి నా చేతిలోనే ఉంది.

"తర్వాత?" అంది మేనకోడలు.